వరంగల్‌లో ఇంటి లోపల, బయట సహజ రేడియేషన్‌ను కొలవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఓరుగల్లును ఏకశిలానగరమని పిలుచుకునే మనకు కాళ్ల కింద ఉన్నది గ్రానైటేనని ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ గ్రానైటు నుంచే మన ఊరి రేడియేషన్‌లో పెద్ద వాటా వస్తుందని చెబితే మాత్రం చాలామంది ఉలిక్కిపడతారు. భౌతికశాస్త్ర విద్యార్థులతో కలిసి హన్మకొండ, కాజీపేట, వరంగల్ వీధుల్లో మీటరు పట్టుకొని తిరిగినప్పుడు ఇళ్లవారు, దుకాణదారులు, పిల్లల తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నలు ఇవి. కొన్నింటికి ఒక్క వాక్యం జవాబు చాలు, కొన్నింటికి చాలదు.

నేపథ్య రేడియేషన్ అంటే ఏమిటి? అది ఎక్కడి నుంచి వస్తుంది?

మనిషి ఏ యంత్రం దగ్గరికీ వెళ్లకపోయినా, ఏ ఎక్స్‌రే తీయించుకోకపోయినా అతనికి నిత్యం తగిలే అయనీకరణ వికిరణాన్ని నేపథ్య రేడియేషన్ అంటారు. నేలలోను రాళ్లలోను ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం-40 వెలువరించే గామా కిరణాలు, ఆకాశం నుంచి వచ్చే విశ్వకిరణాలు, మనం పీల్చే గాలిలోని రాడాన్ వాయువు, తిండితోను నీటితోను ఒంట్లోకి చేరే పదార్థాలు దీనికి మూలాలు. ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ లెక్క ప్రకారం ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే మోతాదును కొలిచే ప్రమాణం). అందులో సగానికి పైగా, అంటే సుమారు 1.26, రాడాన్‌ది, దాని నుంచి పుట్టే మూలకాలది. నేల నుంచి వచ్చే గామా కిరణాల వాటా 0.48, విశ్వకిరణాలది 0.39, ఆహారానిది 0.29. చేతిలో పట్టుకొని తిరిగే గామా మీటరుకు తెలిసేది నేల నుంచి వచ్చేదీ, కొంతవరకు విశ్వకిరణాలదీ మాత్రమేనని ఈ అంకెలను బట్టి మొదటే గుర్తుంచుకోవాలి. అన్నింటికన్నా పెద్ద వాటా అయిన రాడాన్‌ను అది చెప్పలేదు.

మన ఊరిలో ఇది మిగతా చోట్లకన్నా ఎక్కువా?

ప్రపంచ సగటు కన్నా ఎక్కువే వస్తుందనుకొని కొలవడం మొదలుపెట్టడం మంచిది. వరంగల్, హన్మకొండ, జనగామ, కరీంనగర్ ప్రాంతాల కింద ఉన్నవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్లు, నైస్ శిలలు. శిలాద్రవం చల్లబడి గట్టిపడేటప్పుడు యురేనియం, థోరియం పరమాణువులు తమ పరిమాణం వల్ల మొదట ఏర్పడే ఖనిజాలలో ఇమడలేక చివరిదాకా మిగిలిన ద్రవంలో పోగవుతాయి. ఆ చివరి ద్రవమే గ్రానైటు. దీనికి తోడు గులాబీ రంగులో మెరిసే ఫెల్‌స్పార్‌లో పొటాషియం సమృద్ధిగా ఉంటుంది. నేలలో పొటాషియం-40 ప్రపంచవ్యాప్తంగా కిలోకు 400 బెక్వెరల్‌ల (సెకనుకు ఒక క్షయం అంటే ఒక బెక్వెరల్) దరిదాపుల్లో ఉంటే, గ్రానైటులో అది 1000 దాటడం మామూలే.

అయితే ఊరంతా ఒకే తీరుగా ఉండదు. ఈ గ్రానైట్ల నడుమ డోలరైట్ అనే నల్లరాతి గోడలు చీలికల వెంట చొచ్చుకొచ్చి ఉంటాయి, వాటిలో పై మూడూ చాలా తక్కువ. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడిలోని నల్లని స్తంభాలూ ఆ జాతి రాయే. కాబట్టి పద్మాక్షి గుట్ట బండ మీద వచ్చిన అంకెను ఆ స్తంభాల దగ్గర వెతకకూడదు. గోదావరి వైపు భూపాలపల్లి, రామగుండం దాకా వెళితే బొగ్గు పొరలతో కూడిన ఇసుకరాయి నేలలు మొదలవుతాయి, అక్కడి లెక్క మళ్లీ వేరు.

ఏ పరికరంతో కొలవాలి?

పర్యావరణ స్థాయిలను కొలవడానికి కిరణం తగిలితే వెలుగు చిమ్మే సోడియం అయొడైడ్ స్ఫటికం అమర్చిన సింటిలేషన్ మీటరు అనువైనది. దీన్ని మైక్రోరాంట్‌జన్ సర్వే మీటరు అంటారు. ఇంటర్నెట్‌లో చవకగా దొరికే చిన్న గైగర్ గొట్టం సహజ స్థాయిల దగ్గర నిమిషానికి ఏ ఇరవై ముప్పై లెక్కలో ఇస్తుంది. అంగుళం స్ఫటికం ఉన్న సింటిలేషన్ మీటరు అదే చోట వేలల్లో ఇస్తుంది. ఇన్ని లెక్కలు వస్తే తప్ప రెండు వీధుల మధ్య తేడా నిజమా, యాదృచ్ఛికమా అన్నది తేలదు.

ఈ మీటరుకూ ఒక లోపం ఉంది. దానిని సాధారణంగా సీజియం-137 ఎదుట కాలిబ్రేట్ చేస్తారు (తెలిసిన విలువకు సరిచేస్తారు) కాబట్టి తక్కువ శక్తి గల గామా కిరణాలను అది ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపుతుంది. అందువల్ల కొన్ని ఎంపిక చేసిన ఇళ్లలో మోతాదును నమోదు చేసే టీఎల్‌డీ బిళ్లలను మూడు నెలలు ఉంచి సరిచూసుకోవడం మేలు. మన దేశంలో ఇందుకు డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేటును వాడుతున్నారు. బిళ్ల తనకు తగిలిన మోతాదును దాచుకొని, ప్రయోగశాలలో వేడిచేసినప్పుడు వెలుగు రూపంలో బయటపెడుతుంది. మీటరు ఆ క్షణం సంగతి చెబుతుంది, బిళ్ల మూడు నెలల మొత్తాన్ని చెబుతుంది. పరికరాల కోసం దూరం వెళ్లవలసిన పని లేదు. రేడియేషన్ కొలిచే పరికరాలు తయారుచేసే ఈసీఐఎల్ హైదరాబాదులోనే ఉంది.

ఫోన్‌లో యాప్ వేసుకుంటే సరిపోదా? సెల్ టవర్ రేడియేషన్ కూడా దీనితో తెలుస్తుందా?

రెండింటికీ జవాబు కాదనే. ఆ యాప్‌లలో చాలావరకు ఫోన్‌లోని అయస్కాంత సెన్సార్ అంకెను చూపేవే. సెల్ టవర్ నుంచి వచ్చేవి రేడియో తరంగాలు, వాటికి అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే శక్తి ఉండదు, కనుక గామా మీటరు వాటిని గుర్తించదు. టవర్ కింద మీటరు పెట్టి చూపమని మమ్మల్ని కోరినవారి సంఖ్య మిగతా ప్రశ్నలన్నీ అడిగినవారికన్నా ఎక్కువ. పెట్టి చూపించాం, వీధి చివర ఎంతో అక్కడా అంతే.

బయట కొలిచేటప్పుడు పాటించవలసిన పద్ధతి ఏమిటి?

మీటరును నేలకు ఒక మీటరు ఎత్తున ఉంచాలి. ఆ ఎత్తులో అది చుట్టూ సుమారు పది మీటర్ల మేర నేలను, ఒక అడుగు లోతు వరకు ఉన్న మట్టిని చూస్తుందని స్థూలంగా చెప్పుకోవచ్చు. కాబట్టి ప్రహరీ గోడ పక్కన, రాతి కట్టడం పక్కన, కొత్తగా కంకర పోసిన రోడ్డు మీద తీసిన అంకె ఆ నేల అంకె కాదు. మన దగ్గర కంకర కూడా గ్రానైటేనన్న సంగతిని చాలామంది మరచిపోతారు. కట్టడాలు లేని చదును నేల, కదిలించని మట్టి దొరికితే మంచిది. కొత్తవాడ, గిర్మాజీపేట లాంటి ఇరుకు వీధుల్లో అలాంటి చోటు దొరకదు. అక్కడ వీధి మధ్యలో కొలిచి, అది వీధి కొలత అని విడిగా రాసుకోవడమే నిజాయితీ.

ఒక్కో చోట కనీసం ఐదు రీడింగులు తీసి సగటు కట్టాలి. ప్రతి ఉదయం బయలుదేరే ముందు ఇంట్లోనో కళాశాలలోనో ఒకే నిర్ణీత చోట మీటరు పెట్టి చూడాలి, అక్కడి అంకె నిన్నటికన్నా గణనీయంగా మారితే ఆ రోజు ఊరు తిరగడం కన్నా బ్యాటరీని, పరికరాన్ని పరీక్షించడం మంచిది. మే నెలలో మీటరును ఎండలో, మూసిన కారులో వదలకూడదు. వేడికి స్ఫటికం ఇచ్చే వెలుగు మారుతుంది, ఒక్కసారిగా ఏసీ గదిలోకి తెస్తే స్ఫటికం పగిలే ప్రమాదమూ ఉంది.

విశ్వకిరణాల వాటా ఎంతో తెలుసుకోవాలంటే పాకాల, లక్నవరం లాంటి చెరువులో ఒడ్డుకు దూరంగా, నీరు లోతుగా ఉన్నచోట పడవలో కొలిచి చూడవచ్చు. కింది నీరు నేల గామా కిరణాలను దాదాపు మొత్తంగా ఆపేస్తుంది. సముద్రమట్టం దగ్గర విశ్వకిరణాల అయనీకరణ భాగం గంటకు సుమారు 31 నానోగ్రేలు (గ్రే అంటే గాలి వంటి పదార్థం గ్రహించిన మోతాదుకు ప్రమాణం). వరంగల్ ఎత్తు మూడు వందల మీటర్ల లోపే కాబట్టి ఇక్కడ పెద్దగా తేడా రాదు. సోడియం అయొడైడ్ మీటరు ఈ కిరణాలను తక్కువ చేసి చూపుతుంది కనుక పడవలో ఇంకా చిన్న అంకె కనబడితే ఆశ్చర్యపోవద్దు.

ఇంట్లో ఎందుకు ఎక్కువ చూపుతోంది? గోడలు కాపాడాలి కదా?

గోడలు బయటి కిరణాలను కొంత ఆపుతాయి, కానీ ఆ గోడలు కూడా అదే నేల నుంచి వచ్చినవే. బయట నిలబడితే కిరణాల మూలం మన కాళ్ల కింద మాత్రమే ఉంటుంది. గదిలో కూర్చుంటే కింద, నాలుగు పక్కల, స్లాబు ఉంటే పైన కూడా ఉంటుంది. ప్రపంచ సగటు బయట గంటకు 59 నానోగ్రేలు, లోపల 84, అంటే లోపలిది సుమారు 1.4 రెట్లు.

ఇక్కడే ఇళ్ల రకాలు చాలా మాట్లాడతాయి. మట్టిగోడల పెంకుటింట్లో పైకప్పు నుంచి వచ్చేది తక్కువ. గ్రానైటు రాళ్లతో కట్టిన పాత ఇంటి మందపాటి గోడలు ఎక్కువ ఇస్తాయి. షాబాద్ బండలు, తాండూరు బండలు సున్నపురాయి జాతివి, వాటిలో రేడియోధార్మికత తక్కువ కాబట్టి అవి పరచిన గదిలో నేల నుంచి వచ్చేది కొంత తగ్గవచ్చు. మెరుగుపెట్టిన గ్రానైటు పరిస్తే ఆ తగ్గుదల ఉండదు. అందుచేత సర్వేలో ఇళ్లను ఎన్నుకునేటప్పుడు కాలనీల వారీగా మాత్రమే కాక గోడ, నేల, కప్పు రకాల వారీగా కూడా ఎన్నుకోవాలి. సుబేదారిలోని నాలుగు కొత్త డాబా ఇళ్లను కొలిచి వరంగల్ సగటు అని రాయకూడదు.

గదిలో మధ్యన, నేల నుంచి ఒక మీటరు ఎత్తున కొలవాలి. మా తొలి సర్వేలో ఒక విద్యార్థి వీలుగా ఉందని వంటింటి గ్రానైటు అరుగు మీద మీటరు పెట్టి అన్ని ఇళ్లలోనూ రాసుకొచ్చాడు. ఆ వారం పనంతా మళ్లీ చేయవలసి వచ్చింది.

అయితే వంటింటి గ్రానైటు అరుగును తీసేయాలా?

అక్కరలేదు. ఆనించి పెడితే మీటరు కాస్త పైకి లేస్తుంది, రెండడుగులు వెనక్కి జరిగితే ఆ తేడా కలిసిపోతుంది. ఊరి నేల అంతా గ్రానైటైన చోట ఒక పలక కలిపేది ఎంత?

మీటరులో అంకె క్షణక్షణం మారుతోంది. పరికరం పాడైందా?

లేదు. రేడియోధార్మిక క్షయం యాదృచ్ఛికం. నిమిషంలో 25 లెక్కలు వస్తే దాని అనిశ్చితి 25 వర్గమూలం, అంటే 5, అంటే 20 శాతం. పది నిమిషాలు లెక్కపెట్టి 250 తెచ్చుకుంటే అది సుమారు 6 శాతానికి దిగుతుంది. ఓపికే ఇక్కడ ఖచ్చితత్వం.

కొన్ని మార్పులు మాత్రం నిజంగానే జరుగుతాయి. తొలకరి వాన పడగానే అంకె పెరగడాన్ని మేము పలుమార్లు చూశాం. గాలిలో తేలుతున్న రాడాన్ సంతతి మూలకాలు సీసం-214, బిస్మత్-214లను వాన చినుకులు నేలకు దించుతాయి. వాటి అర్ధాయువులు (సగం నశించడానికి పట్టే కాలం) సుమారు 27, 20 నిమిషాలు, కనుక వాన వెలిసిన రెండు మూడు గంటల్లో ఆ పెరుగుదల కరిగిపోతుంది. ఆ తరువాత తడిసిన మట్టి కింది కిరణాలను అడ్డుకోవడంతో అంకె ఎండాకాలపు స్థాయికన్నా కొద్దిగా తగ్గుతుంది. కాబట్టి వాన పడుతుండగా తీసిన రీడింగులను విడిగా ఉంచండి.

మైక్రోరాంట్‌జన్‌లను మిల్లీసీవర్ట్‌లలోకి మార్చడం ఎలా?

గంటకు ఒక మైక్రోరాంట్‌జన్ అంటే గాలిలో గంటకు 8.7 నానోగ్రేలు. ఒక ఉదాహరణ తీసుకుందాం. మీటరు బయట 20, ఇంట్లో 24 చూపిందనుకోండి. అవి వరుసగా 174, 209 నానోగ్రేలు అవుతాయి. ఏడాదికి 8760 గంటలు. మనిషి 20 శాతం కాలం బయట, 80 శాతం లోపల ఉంటాడని ఐక్యరాజ్యసమితి కమిటీ తీసుకుంటుంది, గ్రే నుంచి సీవర్ట్‌కు గుణకం 0.7. బయటిది 174ను 8760తో, 0.2తో, 0.7తో గుణిస్తే సుమారు 0.21 మిల్లీసీవర్ట్‌లు. లోపలిది 209ను 8760తో, 0.8తో, 0.7తో గుణిస్తే సుమారు 1.03. మొత్తం ఏడాదికి 1.24. ప్రపంచ సగటుల 59, 84లను ఇదే సూత్రంలో వేస్తే 0.48 వస్తుంది. అయితే ఆ సగటులు నేల నుంచి వచ్చేదానికి మాత్రమే చెందినవి, మీటరు అంకెలో విశ్వకిరణాల భాగం కొంత కలిసి ఉంటుంది. పోల్చే ముందు దాన్ని తీసివేయాలి.

ఆ 80 శాతం మీద నాకొక అభ్యంతరం ఉంది. తెల్లవారి పొలానికి పోయి పొద్దుగూకాక ఇల్లు చేరే పత్తి రైతుకు, ఎండాకాలమంతా డాబా మీద పడుకునే కుటుంబానికి ఆ వాటా సరిపోదు. మీ ఊరిలో కొలుస్తున్నప్పుడు ఇంటివారిని ఎన్ని గంటలు ఎక్కడ ఉంటారో అడిగి వేసుకుంటే లెక్క నిజానికి దగ్గరగా వస్తుంది.

ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ అని చదివాం. మాది దాటిందే?

ఆ పరిమితి అణుశక్తి కేంద్రాలు, పరిశ్రమలు వంటి మానవ కార్యకలాపాల వల్ల ప్రజలకు అదనంగా చేరే మోతాదుకు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టినది. సహజ నేపథ్యానికిగాని, వైద్య పరీక్షలకుగాని అది వర్తించదు. పత్రికల్లో తరచుగా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి హెచ్చరికలు రాస్తారు. ఆ పోలికకు అర్థం లేదు.

రాడాన్‌ను ఎలా కొలుస్తారు?

రాడాన్-222 యురేనియం సంతతికి చెందిన వాయువు, అర్ధాయువు 3.82 రోజులు. నేల పగుళ్ల నుంచి, గోడల నుంచి గదిలోకి చేరుతుంది. థోరియం సంతతికి చెందిన థోరాన్ అర్ధాయువు సుమారు 55 సెకన్లే కావడంతో అది పుట్టిన గోడ దగ్గరే చాలావరకు అంతరిస్తుంది. అందుకే రాడాన్ కొలిచే డోసిమీటరును గోడకు ఆనించి వేలాడదీయకూడదు.

మన విశ్వవిద్యాలయాలలో వాడుకలో ఉన్న పద్ధతి ఎల్‌ఆర్-115 అనే ప్లాస్టిక్ ఫిల్మ్. దాన్ని రెండు అరలున్న చిన్న డబ్బాలో పెట్టి గదిలో మూడు నెలలు వేలాడదీస్తారు. మొదటి అరలోకి రెండు వాయువులూ వస్తాయి. రెండో అరకు సూది బెజ్జాల గుండా మాత్రమే దారి ఉంటుంది కాబట్టి అక్కడికి చేరేలోపే థోరాన్ నశించి రాడాన్ మాత్రం మిగులుతుంది. ఆల్ఫా కణాలు ఫిల్మ్‌లో చేసిన గాయాలను 60 డిగ్రీల వద్ద 2.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో 90 నిమిషాలు ఉంచి పెద్దవి చేసి లెక్కిస్తారు. ఇలా ఏడాదిలో నాలుగు రుతువులకు నాలుగు ఫిల్ములు మార్చాలి. చలికాలంలో తలుపులు బిగించుకోవడం వల్ల ఎక్కువ, గాలి ఆడే కాలంలో తక్కువ రావడం సాధారణం. డిసెంబరులో మూడు రోజులు కొలిచి ఏడాది సగటు అనడం పొరపాటు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించిన స్థాయి ఘనపు మీటరుకు 100 బెక్వెరల్‌లు. అది సాధ్యపడని చోట 300 దాటకూడదని చెప్పింది.

కూలరు, ఏసీలలో ఏది మంచిది?

రాడాన్ విషయంలో కూలరే. అది బయటి గాలిని లోపలికి తోసి పాత గాలిని కిటికీ నుంచి వెళ్లగొడుతుంది. గది ఏసీ మూసిన గదిలోని గాలినే తిప్పుతుంది. ఏసీ వేసేవారు ఉదయం కాసేపు కిటికీలు తెరవడం చాలు.

ఫ్లైయాష్ ఇటుకలతో ఇల్లు కడితే ప్రమాదమా?

బొగ్గు కాలిపోయాక అందులోని యురేనియం, థోరియం బూడిదలో మిగిలి చిక్కబడతాయి కనుక బూడిదలో అవి బొగ్గుకన్నా ఎక్కువ. రామగుండం, చెల్పూరు విద్యుత్ కేంద్రాల బూడిద మన ప్రాంతపు ఇటుకల బట్టీలకు చేరుతుంది కాబట్టి ఈ ప్రశ్న న్యాయమైనదే. నిర్మాణ సామగ్రిని తూచడానికి రేడియం సమతుల్య సూచిక వాడతారు. రేడియం విలువకు థోరియాన్ని 1.43తో, పొటాషియాన్ని 0.077తో గుణించి కలపాలి, మొత్తం కిలోకు 370 బెక్వెరల్‌లు దాటకూడదు. ఇటుకలో బూడిదతోపాటు ఇసుక, సిమెంటు, సున్నం కలుస్తాయి. బూడిద రేణువులు గాజులా బిగుసుకుపోయి ఉండటం వల్ల రాడాన్ కూడా సులభంగా బయటికి రాదు. అనుమానముంటే ఇటుకను పొడిచేసి, ఏ మూలకం ఎంత ఉందో తేల్చే గామా స్పెక్ట్రోమెట్రీ పరీక్షకు పంపాలి.

బోరునీటి సంగతి?

గ్రానైటు పగుళ్లలోని నీటిలో యురేనియం, రాడాన్ కరిగి ఉండవచ్చు. గామా మీటరును బిందె పక్కన పెట్టి చూస్తే ఏమీ తెలియదు. నీటిని ప్రయోగశాలలో పరీక్షించాలి. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తాత్కాలిక మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు.

ఇంత ఉన్నచోట బతకడం ఆరోగ్యానికి చెరుపా?

మోనజైట్ ఇసుక ఉన్న కేరళలోని కరునాగపల్లి తీరంలో కొన్ని చోట్ల సహజ స్థాయి మన గ్రానైటు నేలలను ఎన్నో రెట్లు మించుతుంది. అక్కడి జనాభాపై 2009లో వెలువడిన దీర్ఘకాల అధ్యయనంలో నేల రేడియేషన్ వల్ల క్యాన్సర్లు పెరిగిన ఆధారం కనబడలేదు. రాడాన్ విషయంలో అంత ధీమాగా ఉండలేం. దీర్ఘకాల సగటు ఘనపు మీటరుకు 100 బెక్వెరల్‌లు పెరిగినప్పుడల్లా ఊపిరితిత్తుల క్యాన్సర్ అవకాశం సుమారు 16 శాతం పెరుగుతుందని, పొగతాగేవారికి రాడాన్ ముప్పు తాగనివారికన్నా దాదాపు 25 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంట్లో బీడీ, చుట్ట మానకుండా గ్రానైటు గురించి మమ్మల్ని అడిగిన పెద్దమనుషులకు నేను ముందుగా ఈ వాక్యమే వినిపిస్తాను.

ఒక్కచోట అకస్మాత్తుగా చాలా పెద్ద అంకె వస్తే?

ముందు అమాయకమైన కారణాలు వెతకండి. ఎరువుల దుకాణంలో 50 కిలోల పొటాష్ బస్తాలో పొటాషియం-40 ఏడు లక్షల బెక్వెరల్‌లకు పైగా ఉంటుంది, దాని పక్కన మీటరు ఊగడం సహజం. పాత పెట్రోమాక్స్ లైట్ల మాంటిళ్లలో థోరియం ఉండేది. న్యూక్లియర్ మెడిసిన్ స్కాన్ చేయించుకొని వచ్చినవారు పక్కన నిలబడినా అంకె లేస్తుంది. ఇవేవీ కాకుండా పాత ఇనుము దుకాణం వంటి చోట ఒక వస్తువు చుట్టూ అంకె పరిసరాలకన్నా ఎన్నో రెట్లు ఉంటే దాన్ని తాకవద్దు, విప్పవద్దు. వెనక్కి జరిగి, ఇతరులను దూరం పంపి 112కు చెప్పండి. 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో కోబాల్ట్-60 ఉన్న పరికరాన్ని విప్పినందుకు ఒకరు చనిపోయారు.

నోటుపుస్తకంలో ఏమేమి రాసుకోవాలి?

తేదీ, సమయం, వాతావరణం, క్రితం రోజు వాన పడిందా లేదా, మీటరు ఎత్తు, ఐదు రీడింగులు విడివిడిగా. సగటు ఒక్కటే రాస్తే తరువాత తప్పు పట్టుకోలేరు. ఇంటి లోపలైతే గోడ, నేల, కప్పు దేనితో కట్టారు, ఏ అంతస్తు, కిటికీలు తెరచి ఉన్నాయా అన్నవి కలపాలి. మీటరు చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ అయిందో మొదటి పేజీలో ఉండాలి. ఇంటివారి పేరు, ఇంటి నంబరు బదులు ఒక సంకేతం వాడండి. ఫలితం చెప్పేటప్పుడు ఆ ఇంటి అంకెను ప్రపంచ సగటుతో కాక, అదే కాలనీలోని మిగతా ఇళ్ల అంకెలతో పక్కన పెట్టి చూపండి.